రాట్నపు తాడు నుండి మోటారు సైకిలు బెల్టు వరకు

కొన్ని సంవత్సరాల క్రిందట మా కళాశాల విద్యార్థులను కొందరిని వెంటబెట్టుకొని పొందూరు వెళ్ళి, సాయంకాలం తిరిగి వస్తున్నాము. చిలకపాలెం దగ్గర జాతీయ రహదారి ప్రక్కన ఒక పెద్ద మోటారు సైకిలు ఆగి ఉన్నది. దూర ప్రయాణాలకోసం చేసిన బండి అది; వెనుక రెండు వైపుల సామాను పెట్టెలు ఉన్నవి. ఇంజను చక్కగా తిరుగుతున్నది. చక్రం మాత్రం కదలదు. ఇంజను శక్తిని వెనుక చక్రానికి అందించే బెల్టు తెగిపోయినది. బండిని ఎక్కించుకొని పోయే లారీకోసం యజమాని ఎదురుచూస్తున్నాడు.

ఆ పూట పొందూరులో నూలు వడకడం చూచి వచ్చిన విద్యార్థిని ఒకామె నన్ను ఇట్లా అడిగింది: "రాట్నపు తాడు తెగితే మా మామ్మ ముడివేసి మళ్ళీ వడుకుతుంది. ఇంత ఖరీదైన బండికి ఆపాటి వీలు లేదా, మాస్టారూ?"

తక్కినవారు నవ్వారు. కాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు. ఆ తాడు, ఈ బెల్టు ఒకే వంశానికి చెందినవి. ఆ వంశచరిత్ర తెలిస్తేనేగాని ఆమె ప్రశ్నకు సరియైన సమాధానం దొరకదు.

రాట్నంలోని యంత్రశాస్త్రం

ఒక చక్రపు తిరుగుడును తాడుతో మరొక చక్రానికి అందించడం చాల పాత ఉపాయం. చైనాలో క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం నాటికే పట్టునూలును కండెలకు చుట్టే పనిముట్టులో ఈ ఏర్పాటు ఉండేదని చరిత్రకారులు చెబుతారు. మన దేశంలో 1350 నాటి పారశీక కావ్యంలో ఇసామీ అనే కవి రాట్నాన్ని పేర్కొన్నాడు.

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరులో ఈ రాట్నం ఈనాటికీ తిరుగుతున్నది. అక్కడ ప్రత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్ళ వరుసే వారి దువ్వెన. ఇరవైనాలుగు ఆకుల చక్రం, ఒకే కదురు గల రాట్నంమీద నూరవ నంబరు నూలును వడుకుతారు. నూరవ నంబరు అంటే ఏమిటి? ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు నూరు ఉంటవి. అంటే 84,000 గజాలు, సుమారు 77 కిలోమీటర్లు. ఒక్క పౌను నూలును సాగదీస్తే విజయనగరం నుండి శ్రీకాకుళం చేరి, ఇంకా కొంత మిగులుతుంది!

ఇంత సన్నని దారానికి పురి ఎక్కించాలంటే కదురు మిక్కిలి వేగంగా తిరగాలి. చక్రం అడ్డుకొలత కదురు అడ్డుకొలతకు అరవై రెట్లు ఉన్నదనుకొందాము. అప్పుడు చక్రం ఒకసారి తిరిగితే కదురు సుమారు అరవైసార్లు తిరుగుతుంది. ఈ పనిని పళ్ళ చక్రాలతోను చేయవచ్చు. కాని దారం ఎక్కడైనా చిక్కుకుంటే పళ్ళ చక్రం ఆగదు; దారాన్ని తెంపివేస్తుంది. తాడు అట్లా కాదు. బరువు మితిమీరితే అది జారుతుంది. ఆ జారుడే దారానికి రక్షణ. అయితే తాడు మరీ జారినా పని సాగదు. అందుచేత దానికి గుగ్గిలం రాస్తారు. మన ఏజన్సీ అడవులలోని చెట్టు జిగురు రాట్నానికి పట్టు ఇస్తుందన్నమాట.

ఒరపిడి లెక్క

తాడు చక్రాన్ని ఎట్లా పట్టుకొంటుంది? కళింగపట్నం, భీమునిపట్నం తీరాలలో పడవ తాడును గుంజకు రెండు చుట్లు చుట్టి, కొసను చేతితో పట్టుకోవడం చూచే ఉంటారు. పడవ ఎంత లాగినా చేతికి బరువు తెలియదు. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ దీనికి సూత్రం కట్టాడు. తాడు చుట్టుకొన్న కోణం పెరిగినకొద్దీ ఒరపిడి బలం కూడికగా గాక, గుణకారంగా పెరుగుతుంది. ఒరపిడి గుణకం 0.3 అనుకొంటే, అరచుట్టుకు తాడు రెండు వైపుల బిగువుల నిష్పత్తి సుమారు 2½. పూర్తి చుట్టుకు 6½. రెండు చుట్లకు 43! గుంజ రహస్యం ఇదే.

కాని యంత్రపు బెల్టు చిన్న చక్రాన్ని ఇంచుమించు అరచుట్టు మాత్రమే తాకుతుంది. అందుచేత దాని బలం 2½ దగ్గరే ఆగిపోవాలి. ఈ పరిమితిని దాటడానికి చేసిన ప్రయత్నాలే బెల్టు చరిత్ర.

మిల్లులలో తోలు పట్టాలు

ఆవిరి యంత్రాల కాలంలో ఒక మిల్లుకంతటికి ఒకే ఇంజను ఉండేది. పైకప్పు క్రింద పొడవైన ఇరుసు తిరుగుతుంటే, దానినుండి ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క తోలు పట్టా దిగివచ్చేది. తరువాత మన గ్రామాల బియ్యపు మిల్లులలో కూడ ఆయిలు ఇంజనుకు, ధాన్యం దంచే హల్లరుకు నడుమ వెడల్పాటి పట్టా చప్పుడు చేస్తూ తిరిగేది. పట్టాను ఎనిమిది అంకె ఆకారంలో మెలివేసి తగిలిస్తే రెండవ చక్రం ఎదురు దిశలో తిరుగుతుంది. పైగా పట్టా చక్రాన్ని ఎక్కువగా చుట్టుకొంటుంది కాబట్టి పట్టు పెరుగుతుంది.

పట్టా ప్రక్కకు జారి పడిపోకుండ ఎట్లా నిలుస్తుంది? చక్రపు అంచులు ఎత్తుగా ఉండాలని మనకు తోస్తుంది. నిజానికి ఎత్తుగా ఉండవలసినది నడిమి భాగం. తిరిగే పట్టా ఎప్పుడూ ఎత్తైనవైపు ప్రాకుతుంది. నడుమకు చేరి అక్కడే నిలుస్తుంది.

పట్టా తెగితే తోలు వారుతో కుట్టి మళ్ళీ తగిలించేవారు. దీనికి మరమ్మతు సులభం. ప్రమాదం మాత్రం పెద్దది. మూత లేని పట్టాలో పంచె చెంగుగాని చీర కొంగుగాని చిక్కుకొంటే మనిషిని లాగివేస్తుంది. యంత్రానికొక విద్యుత్తు మోటారు వచ్చిన తరువాత ఈ పట్టాలు చాలవరకు తొలగిపోయినవి.

మోటారు సైకిలు ఎక్కిన బెల్టు

1885 లో జర్మనీలో డైమ్లర్, మేబాహ్ నడిపిన మొదటి మోటారు బండిలో అర అశ్వశక్తి ఇంజను ఉండేది. దాని శక్తి బెల్టు ద్వారానే వెనుక చక్రానికి చేరేది. తరువాతి పాతికేళ్ళలో వచ్చిన మోటారు సైకిళ్ళలో చాలవాటికి తోలుతోగాని, రబ్బరు, బట్ట కలిపిగాని చేసిన బెల్టులే ఉండేవి. అవి వానలో తడిస్తే జారేవి. సాగి వదులైతే ఒక ముక్క కోసి, కొక్కెంతో మళ్ళీ కలిపేవారు. అందుకే ఆనాటి రౌతు సంచిలో బెల్టుకు చిల్లుచేసే పనిముట్టు, అదనపు కొక్కెం తప్పక ఉండేవి. తెగిన బెల్టును రోడ్డు ప్రక్కనే బాగుచేసుకొనేవాడు. మా విద్యార్థిని మామ్మ చేసేదీ ఇదే.

జారని గొలుసు వచ్చి 1920లలో బెల్టును తరిమివేసినది. 1955 నుండి మద్రాసులో తయారైన బుల్లెట్ బండి కూడ గొలుసుదే. కాని బెల్టు ఊరుకోలేదు. వీ అక్షరపు ఆకారంలో, ప్రక్కలు వాలుగా ఉన్న బెల్టు గాడిలో మేకులాగ బిగుసుకొంటుంది. గాడి కోణం 40 డిగ్రీలయితే ఒరపిడి దాదాపు మూడు రెట్లవుతుంది. అరచుట్టులోనే బిగువుల నిష్పత్తి 2½ నుండి 15 దాటుతుంది! 1917 లో అమెరికాలో జాన్ గేట్సు రబ్బరుతో, బట్టతో ఇటువంటి బెల్టును చేశాడు. ఈనాడు మన ఇండ్లలో గేర్లు లేని స్కూటరును నడిపేది ఈ జాతి బెల్టే.

1940లలో రిచర్డ్ కేస్ మరొక అడుగు వేశాడు. కుట్టు మిషనులో సూది, క్రింది కండె ఒక్క లయలో నడవాలి. జారుడు ఏమాత్రం పనికిరాదు. ఆయన బెల్టు లోపలి వైపున పళ్ళు పెట్టాడు. 1965 లో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న కెవ్లార్ దారం, సమానమైన బరువుగల ఉక్కుకంటె అయిదు రెట్లు బలమైనది. పళ్ళ బెల్టులో ఇటువంటి దారాలు చేరాక, 1980 లో హార్లీ డేవిడ్‌సన్ స్టర్జిస్ బండితో బెల్టు మోటారు సైకిలుమీదికి తిరిగి వచ్చినది. దానికి నూనె అక్కరలేదు, చప్పుడు తక్కువ. సరిగా చూచుకొంటే లక్ష కిలోమీటర్లు నడవడం వింతకాదు.

తెగితే ఏమిటి గతి?

ఈ బెల్టుకు శత్రువులు రెండు. మొదటిది పళ్ళ చక్రానికి, బెల్టుకు నడుమ ఇరుక్కొనే గులకరాయి. రెండవది మడత. లాగితే తెగని దారమే, బెల్టును గట్టిగా మడిస్తే లోపల నలిగిపోతుంది. పైకి ఏమీ కనబడదు. తరువాత ఎన్నడో దారిలో తెగుతుంది. కొత్త బెల్టునైనా ముడిచి పెట్టెలో కుక్కరాదు.

ఇది అతుకు లేని వలయం. ముడివేయడానికి వీలులేదు. చాల బండ్లలో వెనుక చక్రాన్ని మోసే చట్రం ఈ వలయం లోపలినుండి పోతుంది. అందుచేత కొత్త బెల్టు ఎక్కించాలంటే బండిని ఎత్తి నిలిపి, పెట్టెలు, పొగగొట్టం, వెనుక చక్రం తీయాలి. ఆ చట్రాన్ని కూడ విడదీయాలి. కొన్నిటిలో క్లచ్చిని సైతం ఊడదీయక తప్పదు. అంతా తిరిగి బిగించేటప్పుడు రెండు పళ్ళ చక్రాలు ఒకే వరుసలో ఉన్నవో లేదో చూడాలి. చివరకు బెల్టు నడుమ సుమారు 4½ కిలోల బలంతో నొక్కి, అది ఎంత వంగినదో తయారీదారు చెప్పిన కొలతతో సరిపోల్చాలి. ఎక్కువ బిగిస్తే బేరింగులు పాడవుతవి. వదులయితే పళ్ళు దాటుతవి. ఇది పనిముట్లున్న వర్క్‌షాపులో ఒక పూట పని. రోడ్డు ప్రక్కన జరిగేది కాదు.

ఆనాడు మా విద్యార్థినికి నేను చెప్పిన సమాధానం ఇది. మామ్మ తాడు తరచు తెగుతుంది. దానిని ఆమె తానే పేని, తానే ముడివేస్తుంది. ఈ బెల్టు ఏండ్ల తరబడి తెగదు. తెగినప్పుడు మాత్రం యజమాని చేతిలో ఏమీ ఉండదు. బలం పెరిగినకొద్దీ మరమ్మతు మన చేతులనుండి దూరంగా పోయినది. ఈ మార్పు మంచిదా, చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చరాదు. కాని ఏమి పొందామో, దానికి బదులు ఏమి ఇచ్చామో తెలిసి ఉండడం అవసరం. ముడివేసే వీలు పోయినది కాబట్టి, ముందుగా చూచుకొనే బాధ్యత పెరిగినది. ప్రయాణానికి ముందు బెల్టు అంచులు చీలినవా, పళ్ళు విరిగినవా, రాయి గుచ్చుకొన్నదా అని చూడడానికి అయిదు నిమిషాలు చాలును. ఇంజను ఆపి, తాళంచెవి తీసిన తరువాతనే చేయి పెట్టాలి.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చు. ఒక పెద్ద డబ్బా మూతకు, ఒక దారపు ఉండ కఱ్ఱకు ఇరుసులు అమర్చి, నూలు తాడు తగిలించి త్రిప్పండి. ఉండను వ్రేలితో ఆపితే తాడు జారుతుంది. గుగ్గిలపు పొడి రాసి మళ్ళీ ఆపి చూడండి. తరువాత తాడును ఎనిమిది అంకెలాగ మెలివేసి చూడండి. పట్టుకు, జారుడుకు నడుమ జరిగిన రెండువేల ఏండ్ల పోరాటం విద్యార్థుల వ్రేళ్ళకే తెలిసివస్తుంది.