ఢిల్లీ బడుల్లో ఖాళీ కుర్చీ

2023 ఫిబ్రవరిలో దేశ రాజధానిలో రేగిన ఒక వివాదం పత్రికల్లో కొద్ది రోజులు కనిపించి మరుగున పడింది. ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి భర్తీ కాని 370 ప్రిన్సిపాల్ పోస్టులను పునరుద్ధరించాలని ఢిల్లీ ప్రభుత్వం కోరగా, లెఫ్టినెంట్ గవర్నర్ వి.కె. సక్సేనా 126 పోస్టులకే ఆమోదం తెలిపారు. మిగిలిన 244 పోస్టుల అవసరాన్ని అధ్యయనం చేయాలన్నారు. బడికి ప్రిన్సిపాల్ కావాలా వద్దా అన్నదానికి కూడా అధ్యయనమా అని నాటి విద్యామంత్రి మనీష్ సిసోడియా నిలదీశారు. పోస్టులు రద్దయ్యేదాకా ఊరుకున్నది ఢిల్లీ ప్రభుత్వమేనని రాజ్‌నివాస్ బదులిచ్చింది. రెండేళ్లకు మించి ఖాళీగా ఉన్న పోస్టు రద్దయినట్లేనన్నది కేంద్ర ఆర్థికశాఖ నిబంధన. భర్తీ చేయనివారిని వదిలేసి బడిని శిక్షించే నిబంధన ఇది!

ఈ తగాదా మూలాలు 1991 నాటి 69వ రాజ్యాంగ సవరణలో ఉన్నాయి. ఆ సవరణ తెచ్చిన 239ఏఏ అధికరణం ఢిల్లీకి శాసనసభను ఇచ్చింది. శాంతిభద్రతలు, పోలీసు, భూమి మాత్రం కేంద్రం చేతిలో ఉంచింది. విద్య ఢిల్లీ ప్రభుత్వానికి దక్కింది. బడిని నడిపే ఉద్యోగి ఎవరి అధీనంలో ఉండాలన్న ప్రశ్న మాత్రం తేలకుండా మిగిలింది. కేంద్రంలోను, ఢిల్లీలోను వేర్వేరు పార్టీలు ఉన్నప్పటికీ చాలాకాలం సర్దుబాటుతోనే పని సాగింది. 2015 మే 21న కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ ఇచ్చి, 'సర్వీసులు' లెఫ్టినెంట్ గవర్నర్ పరిధిలోనివేనని ప్రకటించాక ఆ సర్దుబాటు ముగిసింది. బడి ఫలితాలకు ప్రజల ముందు జవాబు చెప్పవలసినవారు ఒకరు, బడి పెద్దను నియమించి బదిలీ చేసేవారు మరొకరు అయ్యారు.

బడి పెద్ద తరచూ మారితే ఏమవుతుందో అమెరికాలోని మయామీ-డేడ్ అనుభవం చెబుతుంది. ఆ భారీ నగర పాఠశాలల జిల్లాపై సుసానా లోబ్ తదితరులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేద పిల్లల బడిని మెరుగైన బడికి ఎక్కే మెట్టుగా వాడుకునే ప్రిన్సిపాళ్లు అక్కడ కనిపించారు. ప్రిన్సిపాల్ వెళ్లిపోతే ఉపాధ్యాయులు నిలవడం తగ్గింది, పిల్లల చదువు పురోగతి మందగించింది. పేద బడులకు, అనుభవంలేని ఉపాధ్యాయులు ఎక్కువగా ఉన్న బడులకు దెబ్బ మరింత గట్టిగా తగిలింది.

ఢిల్లీ జబ్బు కొంత వేరు. అక్కడ కుర్చీ చేతులు మారుతుంది. ఇక్కడ ఖాళీగానే ఉండిపోతుంది. వైస్ ప్రిన్సిపాల్ ఇన్‌ఛార్జిగా కూర్చుంటారు. రేపు ఎవరు వస్తారో తెలియని ఇన్‌ఛార్జి, పాఠం చెప్పని సీనియర్ ఉపాధ్యాయుడిని గట్టిగా అడగగలరా? మూడేళ్ల తర్వాత ఫలమిచ్చే పనిని నేడు మొదలుపెడతారా? అయితే పాలకుల దృష్టి బడి పెద్దల మీద లేదని కూడా అనలేం. కొందరు ప్రిన్సిపాళ్లను కేంబ్రిడ్జికీ, అహ్మదాబాద్ ఐఐఎంకూ శిక్షణకు పంపారు. మరమ్మతులు, పారిశుధ్యం వారి నెత్తిన పడకుండా ఎస్టేట్ మేనేజర్లను పెట్టారు. యూపీఎస్సీ 2021లో ఒక్కసారిగా 363 ప్రిన్సిపాల్ పోస్టులకు ప్రకటన ఇవ్వవలసి వచ్చిందంటే, ఖాళీలు ఎంతగా పేరుకున్నాయో ఊహించవచ్చు.

మరి ఫలితాలు పెరిగాయి కదా అని అడిగేవారుంటారు. నిజమే. ప్రభుత్వ బడుల పన్నెండో తరగతి ఉత్తీర్ణత 2018లో 90 శాతం దాటింది, 2019లో 94.24కు, 2020లో దాదాపు 98కి చేరింది. ఆమ్ ఆద్మీ పార్టీ దేశమంతటా చూపిన అంకె ఇదే. కానీ బోర్డు పరీక్ష మళ్లీ తప్పనిసరైన 2018లో అవే బడుల పదో తరగతి ఉత్తీర్ణత సుమారు 69 శాతం, మరుసటి ఏడాది 71. పన్నెండో తరగతి పరీక్ష రాసేది తొమ్మిది, పది, పదకొండు తరగతుల వడపోతలో మిగిలిన పిల్లలే. తొమ్మిదిలో తప్పుతున్నవారి సమస్య ఎంత తీవ్రమో ప్రభుత్వానికీ తెలుసు. అందుకే 2016లో 'చునౌతీ' పేరిట పిల్లలను అభ్యసన స్థాయిని బట్టి విడదీసి బోధించే పథకం తెచ్చింది. ఖాళీ కుర్చీ నష్టాన్ని వెతకవలసింది ఆ కింది తరగతుల్లోనే. పన్నెండో తరగతి ఫలితాల పట్టికలో అది కనిపించదు.

2023 మే 11న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం సర్వీసులపై ఢిల్లీ ప్రభుత్వానికే అధికారం ఉందని తీర్పునిచ్చింది. ఎనిమిది రోజులు తిరగకముందే ఆర్డినెన్స్ వచ్చింది, ఆగస్టులో చట్టమైంది. రాజ్యసభలో అనుకూలంగా 131, వ్యతిరేకంగా 102 ఓట్లు పడ్డాయి. రాష్ట్రాల హక్కుల గురించి తరచూ మాట్లాడే వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ బిల్లును సమర్థించాయి. భారత రాష్ట్ర సమితి వ్యతిరేకించింది. సొంత రాష్ట్రంలో హెడ్‌మాస్టర్ల బదిలీ అధికారాన్ని గవర్నర్‌కు అప్పగించడానికి ఆంధ్ర పార్టీల్లో ఏది ఒప్పుకుంటుంది?

కొత్త ఏర్పాటు ఎలా పనిచేస్తుందో 2024 జూలైలో తేలిపోయింది. ఒకే బడిలో పదేళ్లు దాటాయన్న కారణంతో అయిదు వేల మందికి పైగా ఉపాధ్యాయులను విద్యాశాఖ ఒక్క దెబ్బతో బదిలీ చేసింది. ఆపమని ముందుగానే ఆదేశించానని మంత్రి ఆతిశీ అన్నారు. ఉత్తర్వు అయినా వెలువడింది. కొద్ది రోజులకు భాజపా నేతలు వెళ్లి లెఫ్టినెంట్ గవర్నర్‌ను కలిశాకే అది నిలిచింది.

2025 ఫిబ్రవరి నుంచి ఢిల్లీలోనూ కేంద్రంలోనూ ఒకే పార్టీ ప్రభుత్వం ఉంది కనుక తగాదా వినిపించడం లేదు. చట్టం మాత్రం అలాగే ఉంది. గ్రూప్-ఏ అధికారుల బదిలీలపై సిఫారసు చేసే ప్రాధికార సంస్థలో ముగ్గురు సభ్యులు: ముఖ్యమంత్రి, చీఫ్ సెక్రటరీ, హోంశాఖ ముఖ్య కార్యదర్శి. నిర్ణయం మెజారిటీతో జరుగుతుంది. అంటే ఇద్దరు అధికారులు ఒక్కటైతే ముఖ్యమంత్రి ఓడిపోవచ్చు. ఆ తర్వాత కూడా తుది మాట లెఫ్టినెంట్ గవర్నర్‌దే.