సైన్సు విద్యాలయంలో ఆర్ట్సు విద్యార్థి

గుంటూరు బ్రాడీపేటలో ఇంటి చిరునామాను రెండు అంకెలతో చెపుతారు: లైను ఒకటి, అడ్డరోడ్డు ఒకటి. జ్యామితి చదవనివారికి కూడ అక్షాల సంగతి తెలిసిన పేట అది! అక్కడ ఇంటరులో చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం చదివే విద్యార్థి ఒకడు ఈమధ్య నా వద్దకు వచ్చి, "మాస్టారూ, మా గ్రూపువాళ్ళకు ఐ.ఐ.టి.లో చోటుంటుందా?" అని అడిగాడు. ప్రక్కనున్న మిత్రులు నవ్వారు. కాని నవ్వవలసిన ప్రశ్న కాదది. దానికొక చరిత్ర ఉన్నది.

ముందు మన ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే చూద్దాం. 1931 నుండి 1936 వరకు దానికి ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తత్త్వశాస్త్రజ్ఞులు. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం గారు, రసాయనశాస్త్రానికి శేషాద్రి గారు వాల్తేరు వచ్చినది ఆయన కాలంలోనే. తత్త్వవేత్త సైన్సును పోషిస్తే ఎవరికీ వింత తోచలేదు. సైన్సు సంస్థ ఆర్ట్సువారిని చేర్చుకొంటేనే మనకు వింత! 1948-49లో ఆయన అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, వృత్తివిద్యలు చదివేవారికి కూడ సాహిత్య, సామాజిక విషయాలతో కూడిన సాధారణ విద్య అవసరమన్నది.

పశ్చిమ జర్మనీ సహాయంతో 1959లో మద్రాసులో ఐ.ఐ.టి. వెలసినది. అక్కడ మానవిక శాస్త్రాలకు ఒక శాఖ ఉన్నది. అయితే ఆ తరగతులలో కూర్చున్నది ఎవరు? ప్రధానంగా ఇంజనీరింగు విద్యార్థులే. నిజం చెప్పాలంటే వారిలో చాలమందికి ఆ పాఠాలు కూరలో కరివేపాకు.

అమెరికాలో మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయం కథ కొంచెం వేరు. అక్కడ 1950లో మానవిక, సామాజిక శాస్త్రాలకు ప్రత్యేకంగా ఒక విభాగాన్ని ఏర్పరచారు. 1955లో నోమ్ చోమ్‌స్కీ అనే భాషాశాస్త్రవేత్త ఆ విద్యాలయంలో చేరాడు. ఆయనకు చోటు దొరికినది ఎలక్ట్రానిక్సు పరిశోధనశాలలో! యంత్రాలచేత అనువాదం చేయించాలని అక్కడివారు ప్రయత్నిస్తూ ఉండేవారు. వాక్యనిర్మాణాన్ని గణితంలో సూత్రాలవలె చెప్పవచ్చునన్న ఆయన ఆలోచనకు అటువంటి పొరుగు బాగా సరిపోయినది. 1961 నాటికి భాషాశాస్త్రంలో డాక్టరేటుకు విద్యార్థులను చేర్చుకోవడం మొదలయినది. ఆర్ట్సు విద్యార్థి సైన్సు విద్యాలయానికి వెళ్ళడంలో నాకు కనపడే లాభం ఇదే: పేరు కాదు, పొరుగు. నష్టమూ లేకపోలేదు. శాఖలు తక్కువ, తెలుగో, సంస్కృతమో లోతుగా చదవదలచినవానికి అక్కడ ఆచార్యులు దొరకకపోవచ్చును.

మద్రాసు ఐ.ఐ.టి. 2006లో ఇంటరు ముగిసినవారికి అయిదేండ్ల ఎం.ఏ. ప్రారంభించినది. ప్రవేశపరీక్షలో ఇంగ్లీషు, లెక్కల ఆలోచన, దేశపు ఆర్థిక, సామాజిక విషయాలు ఉండేవి. చివర అరగంట వ్యాసరచన. ఏ గ్రూపువారైనా వ్రాయవచ్చును. పదిహేడేండ్లవాడికి నేరుగా తెరచిన తలుపది. 2023లో ఆ కోర్సుకు బదులు రెండేండ్ల ఎం.ఏ. వచ్చినది. దానికి ముందుగా డిగ్రీ ఉండాలి, గేటు పరీక్ష వ్రాయాలి. ఆ పరీక్షలో మానవిక శాస్త్రాల పత్రం 2021లో చేరినది.

మా విద్యార్థికి ఇదంతా చెప్పాను. "అయితే ఆ మూడేండ్లు ఎక్కడ చదవాలి మాస్టారూ?" అన్నాడు. ఇంటరులో విడిచిపెట్టిన లెక్కలను గణాంకశాస్త్రం రూపంలోనైనా మళ్ళీ నేర్పే డిగ్రీ చూడమన్నాను. ఆ మాటకు మాత్రం అతని ముఖం కొంచెం చిన్నబోయినది.