దామెర్ల రామారావు: ఇంద్రావతి దిగువన ఒక చిత్రకారుడు

దామెర్ల రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో పుట్టారు. కంటికి కనిపించే మనిషిని, వెలుగును, ఒంటి బరువును రంగుల్లో పట్టుకునే వాస్తవిక పద్ధతిని సాధించిన తొలితరం తెలుగు చిత్రకారుల్లో ఆయనది ముందువరస. ఆయన ఊరికీ బస్తర్‌కూ నదే బంధం. బస్తర్‌లోని జగదల్‌పూర్ పాత వంతెన కింద పారే ఇంద్రావతి చిత్రకోట దగ్గర దూకి, పడమటికి సాగి, భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లే భద్రాచలం, పాపికొండలు దాటి రామారావు ఊరి రేవులకు చేరతాయి. ఆ లెక్కన బస్తర్ తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు.

ఆయన చెయ్యి పట్టి దారి చూపినవాడు ఆస్వాల్డ్ కూల్డ్రే. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు 1909 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్. స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు కూడా ఆయన చేరదీసిన కుర్రవాళ్లే. శిష్యులను వెంటబెట్టుకుని అజంతా చూపించిన ఆ గురువు ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు.

అక్కడి చదువు పాశ్చాత్య పద్ధతిలో సాగేది. ముందు పాలరంగు ప్లాస్టర్ బొమ్మలను చూసి గీయాలి. తరువాత ఎదుట కూర్చున్న మనిషిని. ఎముక ఎక్కడ వంగుతుందో, కండ నీడ ఎక్కడ పడుతుందో తెలియాలి. తైలవర్ణానికి ఓర్పు కావాలి. అవిసె నూనెలో నూరిన రంగు గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది. అందువల్ల చిత్రకారుడు ఒక చెంప మీది వెలుగును రోజుల తరబడి సవరించుకోవచ్చు. బస్తర్‌లో లోహపు బొమ్మలు పోసే ఘడవాల పని దీనికి పూర్తిగా భిన్నం. మట్టి బొమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి, కరిగిన లోహం ఒక్కసారే పోస్తారు. అచ్చు పగిలాక ఆ రూపం మళ్లీ రాదు. రెండూ చేతి విద్యలే, రెండూ గొప్పవే.

1920లో చదువు ముగించిన రామారావు ముందు రెండు దారులున్నాయి. బొంబాయి వాస్తవికత ఒకటి. దానిని కాదని అవనీంద్రనాథ్ ఠాకూర్ నడిపిన వంగ సంప్రదాయం ఇంకొకటి. కలకత్తా, శాంతినికేతన్ వెళ్లి ఆ రెండోదాన్నీ దగ్గరగా చూశారు. చివరికి ఏ ఒక్కదానికీ లొంగలేదు. ఆయన స్త్రీమూర్తులకు బొంబాయి నేర్పిన శరీర నిర్మాణం ఉంది, అజంతా నేర్పిన రేఖ ఒంపు ఉంది. ముఖాలు మాత్రం గోదావరి ఒడ్డువి. ఆయన ప్రతిభకు అసలు గుర్తు అదే.

‘ఋష్యశృంగ బంధనం’ ఆయనకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది. ఆడవాళ్ల మొహమే ఎరగకుండా అడవిలో పెరిగిన మునికుమారుణ్ణి, కరువు తీర్చడం కోసం అంగదేశానికి రప్పించిన కథ అది. 1922లో కలకత్తా ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’, ‘నంది పూజ’, ‘కార్తీక పౌర్ణమి’ ఆయన మిగతా పేరున్న చిత్రాల్లో కొన్ని. 1924లో లండన్ వెంబ్లీ సామ్రాజ్య ప్రదర్శనలోనూ ఆయన చిత్రాలు వేలాడాయి.

పేరు వచ్చాక పెద్ద నగరానికి తరలిపోకుండా రాజమహేంద్రవరంలోనే చిత్రకళాశాల నెలకొల్పారు. భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆ రోజుల్లో ఒకే ఇంట్లో ఇద్దరు స్త్రీలు చిత్రకారులు కావడం ఎంత అరుదో చెప్పనక్కర్లేదు.

ఆ బడికి వేళ్లూనుకునే వ్యవధి దొరకలేదు. 1925 ఫిబ్రవరి 6న మశూచి రామారావును బలి తీసుకుంది. ఇరవై ఎనిమిదో పుట్టినరోజుకు ఇంకా నెల రోజులుంది. పనిచేసిన కాలమంతా కలిపి పదేళ్లు నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడి బాధ్యత భుజాన వేసుకుని, తరువాతి తరం చిత్రకారులను తయారుచేశారు. రామారావు తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, పెన్సిల్ రేఖాచిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రకళా మందిరంలో ఉన్నాయి.