ఇంగ్లీషులో 'నువ్వు' ఏమైంది?

1603 నవంబరులో ఇంగ్లండులోని వించెస్టర్‌లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగింది. ప్రభుత్వం తరఫున వాదించిన అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. ద్రోహి అన్నాడు, విషసర్పం అన్నాడు. అదీ చాలక, నిన్ను 'దౌ' అనే పిలుస్తానని నిండు కోర్టులో చెప్పి మరీ పిలిచాడు. ఎలిజబెత్ రాణి కొలువులో ఒక వెలుగు వెలిగిన దొరని పట్టుకుని 'నువ్వు' అనడమన్నమాట. అక్కడున్నవాళ్లకి మిగతా తిట్లకన్నా అదేమీ చిన్న తిట్టు కాదు.

మన బడుల్లో బట్టీపట్టించే ఇంగ్లీషు సర్వనామాల పట్టికలో 'ఐ'కి 'వీ' ఉంది, 'హీ'కి 'దే' ఉంది. 'యూ'కి మాత్రం బహువచనం మళ్లీ 'యూ'యే. ఇదేమిటని ఏ పిల్లాడైనా అడిగితే, అదంతే అని మాస్టారు ముందుకు సాగిపోతారు. అదంతే కాదు. ఏకవచనం గడిలో ఒకప్పుడు వేరే మాట ఉండేది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఒక్కరైతే 'థూ', ఎక్కువమందైతే 'యే'. (తెలుగు చెవికి ఆ మొదటిది అప్పటికే తిట్టులా వినిపిస్తే తప్పు మనది కాదు.) సంస్కృతంలోలాగా ఇద్దరికి ద్వివచనం కూడా ఉండేది. అది పదమూడో శతాబ్దం దాటలేదు. 'థూ' కాలక్రమాన 'దౌ' అయింది. 'యే'కి కర్మరూపమైన 'యూ' ఆ తర్వాత కర్త స్థానాన్నీ ఆక్రమించింది.

మొదట్లో ఇది ఒకరా, పదిమందా అన్న లెక్క మాత్రమే. మర్యాదతో దానికి సంబంధం లేదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దొరల ఇళ్లలో ఫ్రెంచి మాట్లాడారు. ఫ్రెంచివాళ్లకి మనలాగే పెద్దవాళ్లని బహువచనంలో పిలిచే అలవాటుంది. పదమూడో శతాబ్దం నుంచి అది ఇంగ్లీషుకూ అంటుకుంది. యజమాని నౌకరుని 'దౌ' అంటాడు, నౌకరు యజమానిని 'యూ' అంటాడు. దొరలు తమలో తాము కూడా 'యూ' అనుకోవడం మొదలుపెట్టారు. ఎదుటివాడి అంతస్తు తెలియకపోతే 'యూ' అనేస్తే ఏ గొడవా లేదు. అలా పై మెట్టు మీది మర్యాద ఒక్కొక్క మెట్టే కిందికి దిగింది.

దీన్ని ఒప్పుకోనివాళ్లు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు. దేవుడి ముందు అందరూ సమానమైతే ఒక మనిషిని బహువచనంలో పిలవడం అబద్ధమే కాక పొగడ్త కూడా అన్నది వాళ్ల వాదం. ఆ శాఖను మొదలుపెట్టిన జార్జ్ ఫాక్స్ ధనికుణ్నీ పేదనీ, జడ్జినీ జాలరినీ ఒకేలా 'దౌ' అన్నాడు, ఎవరి ముందూ టోపీ తియ్యలేదు. 1660లో ఇద్దరు సహచరులతో కలిసి, ప్రపంచంలోని ఎన్నో భాషల్లో ఏకవచనం వేరు, బహువచనం వేరు అని ఉదాహరణలతో చూపుతూ ఒక లావుపాటి పుస్తకమే వేశాడు. వ్యాకరణం కోసం ఇంత మొండిపట్టు పట్టిన మతం మరొకటి ఉందో లేదో! కవి మిల్టన్‌కు లాటిన్ పుస్తకాలు చదివి వినిపించిన థామస్ ఎల్వుడ్ కుర్రతనంలో క్వేకరు అయ్యాడు. ఇంట్లో టోపీ తియ్యనందుకు తండ్రి చేతి దెబ్బలు తిన్నాడు. మళ్లీ తనని 'దౌ' అంటే పళ్లు రాలగొడతానని ఆ తండ్రి బెదిరించాడట. ఎల్వుడ్ ఆత్మకథలోనే ఇది ఉంది. కన్నతండ్రిని 'నువ్వు' అనడం తెలుగిళ్లలో చాలాచోట్ల మామూలే గనక ఈ కోపం మనకి కొంచెం వింతగా తోస్తుంది.

క్వేకర్లు కోరిన సమానత్వం చివరికి వచ్చింది గానీ తలకిందులుగా వచ్చింది. అందరూ 'దౌ' కాలేదు, అందరూ 'యూ' అయ్యారు. పదిహేడో శతాబ్దం ముగిసేసరికి మామూలు మాటల్లో 'దౌ' బాగా పలచబడింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు మూలభాషల లెక్కనే పాటించి, ఒక్కరైతే చాలు, దేవుణ్నీ సైతాన్నీ కూడా 'దౌ' అనే అంది. బయట ఆ మాట కరువై చర్చిలోనే వినబడుతుండేసరికి, అదేదో దేవుడికి మాత్రమే వాడే గౌరవవాచకం అని జనం అనుకున్నారు. వించెస్టర్‌లో రాలీ మీద విసిరిన మాట ఇదేనంటే నమ్మడం కష్టం.

ఒకే 'యూ' మిగిలాక కొందరు ఏకవచనానికి 'యూ వాజ్', బహువచనానికి 'యూ వర్' అంటూ తేడా నిలబెట్టబోయారు. మంచి ఉపాయమే. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ అది ఘోరమైన తప్పు అని తేల్చాడు, చదువుకున్నవాళ్లు మానేశారు. 1795లో లిండ్లీ మర్రే యార్క్‌లోని ఒక ఆడపిల్లల బడి కోసం రాసిన వ్యాకరణం లెక్కలేనన్ని ముద్రణలు పొందింది. అందులో మధ్యమపురుష ఏకవచనం ఇంకా 'దౌ'యే. మర్రే క్వేకరు, ఆ బడీ క్వేకర్లదే.

యార్క్‌షైర్ పల్లెల్లో, గనుల ఊళ్లలో 'దౌ' అరిగిపోయి 'దా'గా ఇరవయ్యో శతాబ్దంలోనూ నడిచింది. బార్న్‌స్లీలో తీసిన 1969 నాటి 'కెస్' సినిమాలో వినవచ్చు. ఖాళీ అయిన బహువచనం గడిని జనం ఎవరికి తోచినట్టు వాళ్లు నింపుకున్నారు. ఐర్లండులో 'యూజ్', అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 'యాల్'. డాలస్‌లో పెరిగే తెలుగు పిల్లలు ఇంట్లో 'మీరు', బయట 'యాల్' వింటూ పెరుగుతారు. 'మీరు' అంటే ఒక్కరైనా కావచ్చు, పదిమందైనా కావచ్చు. 'యాల్' పుట్టింది ఆ అనుమానం తీర్చడానికే.