బడి గడప తొక్కని పాఠం

నందిగామకు దగ్గర్లోని పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు, 1906లో హైదరాబాదులో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. ఆధునిక శాస్త్రాలను తెలుగులో మామూలు చదువరికి అందించడం దాని ఆశయం. శాస్త్రం చెప్పడానికి మన భాష చాలుతుందని ఆ పుస్తకాలు రుజువు చేశాయి. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా అదే నేల మీది బడిలో మనిషి పుట్టుక పాఠం వచ్చేసరికి గొంతు తడబడుతోంది.

మన దేశంలో లైంగికత విషయం మొదట చట్టం రూపంలో చర్చకు వచ్చింది. 1891లో ఆడపిల్ల సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచినప్పుడు సంప్రదాయవాదులు మతం మంటగలిసిందన్నారు. 1929లో శారదా చట్టం అమ్మాయి పెళ్లి వయసును పద్నాలుగు, అబ్బాయిది పద్దెనిమిది చేసినప్పుడూ అదే గోల. పిల్ల ఏ వయసులో కాపురానికి వెళ్లాలో పెద్దలు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ పిల్లకు ఏం తెలిసి ఉండాలన్న ప్రశ్న ఆ వాదాల్లో చోటు చేసుకోలేదు.

ఇంట్లోనూ అంతే. ఆడపిల్ల పెద్దమనిషైతే తాటాకు చాప మీద మూలన కూర్చోబెట్టడం, చిమ్మిలి పెట్టడం, పేరంటాళ్లను పిలిచి హారతి ఇవ్వడం ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ఊళ్లకు కొత్త కాదు. ఇప్పుడు దానికి ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, ఫోటోగ్రాఫర్ తోడయ్యారు. సంగతి ఊరందరికీ తెలుస్తుంది. ఏం ముట్టుకోకూడదో, ఎవరితో మాట్లాడకూడదో ఆ పిల్లకు వివరంగా చెబుతారు. తన ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు మాత్రం అరుదు. గొంతు మారి, మీసం మొలిచే మగపిల్లాడికి ఆపాటి పలకరింపు కూడా ఉండదు.

ఈ మౌనాన్ని కదిలించిన తొలి గొంతుల్లో లక్ష్మణరావుగారి కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ఒకరు. బెజవాడలో వైద్యం చేసిన ఆమె ‘ప్రసూతి – శిశుపోషణ’ రాశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పాఠశాలల పర్యవేక్షకుడిగా పనిచేసిన రచయిత చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల్ని కొట్టి, భయపెట్టి పెంచడాన్ని తీవ్రంగా నిరసించారు. ఆ తర్వాత విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి, ఆ కేంద్రం స్థాపకుడు గోరా కుమారుడు డాక్టర్ జి. సమరం ‘స్వాతి’ వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు ఏళ్ల తరబడి జవాబులు రాశారు. అనవసరపు భయాలతో కుమిలిపోయిన ఎందరికో ఆ శీర్షిక ధైర్యమిచ్చింది. అయితే ఇదంతా తల్లులకో, పెళ్లయినవారికో అందిన విజ్ఞానం. పెద్దలు ఆ పత్రికను దాచేవారు, పిల్లలు దొంగచాటుగా చదివేవారు.

బడిలోకి ఈ పాఠం ఎప్పుడూ వేరే పేరుతోనే వచ్చింది. 1980లో జనాభా విద్య పేరుతో జాతీయ ప్రాజెక్టు మొదలైంది. ఆ తర్వాత ఎయిడ్స్ భయం దాన్ని ముందుకు నెట్టింది. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశ సగటు హెచ్ఐవీ 0.28 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం. నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా హైదరాబాద్–విజయవాడ రహదారి పోతుంది. అలాంటి దారుల్లో తిరిగే లారీ డ్రైవర్లకు అవగాహన కల్పించడం అప్పట్లో ఎయిడ్స్ నివారణలో ముఖ్యమైన పని. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమాన్ని బడుల్లోకి తెచ్చింది.

2007లో పెద్ద దుమారం లేచింది. ఉపాధ్యాయుల కోసం తయారుచేసిన పుస్తకాల్లోని బొమ్మలు, భాష సంస్కృతికి విరుద్ధమని మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు కార్యక్రమాన్ని నిలిపేశాయి. వివాదం రాజ్యసభ పిటిషన్ల కమిటీకి చేరింది. దాని అప్పటి అధ్యక్షుడు నెల్లూరు జిల్లాకు చెందిన ఎం. వెంకయ్యనాయుడు. బడుల్లో లైంగిక విద్య వద్దని, సంయమనాన్ని, విలువలను బోధించాలని 2009లో కమిటీ చెప్పింది. అదే ఏడాది యునెస్కో విడుదల చేసిన మార్గదర్శకాలు, సరైన లైంగిక విద్య పిల్లల్ని తొందరపెట్టదని అధ్యయనాల ఆధారంగా వివరించాయి.

తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. శిక్షణ లేని మాస్టారు, వయసుకు తగని బొమ్మ మేలు కన్నా కీడే చేస్తాయి. కానీ 2007లోనే కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపి విడుదల చేసిన అధ్యయనంలో, 53 శాతానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. దేశమంతా పుస్తకంలోని బొమ్మల మీద వాదిస్తున్న సమయానికి పిల్లలు ఈ జవాబులిచ్చేశారు. 2012లో పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వచ్చింది. తన మీద జరిగినది నేరమని పిల్లకు తెలియకపోతే, చెప్పుకోవడానికి మాట కూడా రాకపోతే, ఆ చట్టం పోలీస్ స్టేషన్ దాకా ఎలా చేరుతుంది?

తర్వాత కొంత కదలిక వచ్చింది. 2021లో ‘స్వేచ్ఛ’ పేరుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి ఇంటర్ దాకా చదివే అమ్మాయిలకు నెలకు పది శానిటరీ నాప్కిన్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. 2024 సెప్టెంబరులో, మళ్లీ 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు లైంగిక విద్య అవసరాన్ని నొక్కి చెప్పింది. తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా చిన్న వయసులోనే మొదలుపెట్టాలని రెండోసారి స్పష్టం చేసింది. అయినా ప్రత్యుత్పత్తి పాఠం వస్తే “ఇది మీరే చదువుకోండి” అని పేజీలు తిప్పేసే తరగతులు ఇంకా ఉన్నాయి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భవతులో.

జనాభా, ఎయిడ్స్, నేరం: ఇన్నాళ్లూ ఏదో ఒక భయం చూపిస్తే తప్ప ఈ పాఠానికి బడి తలుపు తెరుచుకోలేదు. భయం తగ్గగానే మూసుకుపోయింది. తన శరీరం గురించి తెలుసుకోవడం పిల్లల హక్కుగా గుర్తించినప్పుడే అది నిలుస్తుంది. అందుకు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి, పాఠాలను ముందుగా తల్లిదండ్రులకు చూపాలి, మగపిల్లల్నీ ఆ తరగతిలో కూర్చోబెట్టాలి. ఈసారి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఒక్క మాట అడగండి: “మా పిల్లలకు ఆ పాఠం చెప్పారా?”