మన సంగటి ముచ్చట

మన మల్లయ్యకొండ చుట్టుపట్ల పల్లెల్లో ఒకప్పుడు "భోజనమయిందా?" అనేవారు కారు. "సంగటి తింటివా?" అని అడిగేవారు. బియ్యం నూకలు ఉడుకుతుండగా రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, తెడ్డుతో కెలికి, చేయి తడిచేసుకుని ముద్ద కట్టడం మన ఆడవారికి వెన్నతో పెట్టిన విద్య. ఊరిబిండిలో అద్దుకుని మింగవలసిందే గాని నమలరాదు. కొత్తవారు తడబడేది ఇక్కడే.

రాగులు తూర్పు ఆఫ్రికా మెట్టప్రాంతాల నుంచి వేల ఏళ్ల క్రితం మన దేశానికి వచ్చాయని శాస్త్రజ్ఞులంటారు. కెన్యావారు నేటికీ పిండి కెలికి "ఉగాలి" అనే ముద్ద చేసుకుంటారు, ఇప్పుడు ఎక్కువగా మొక్కజొన్న పిండితో. వారికి మన సంగటి వింతగా తోచదు.

1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే దొర మద్రాసు నుంచి వెంకటగిరికోట మీదుగా మైసూరు సీమకు వెళ్లి, చూసినదంతా రాశాడు. ఆయన గ్రంథం 1807లో అచ్చయింది. కష్టజీవులు రాగులనే బలమైన ఆహారంగా ఎంచుతారని మెచ్చుకున్నాడు. రాగులను అసహ్యించుకున్నది దొర కాదు, ఆయన వెంట వచ్చిన బెంగాలీ, మద్రాసు నౌకర్లు! బియ్యం తిని పెరిగినవారు కదా.

మన నేలలు వర్షాధారం. రాగికి పురుగు తొందరగా పట్టదు. పాతరలో పోస్తే ఏళ్లు నిలిచేది. కరువు సీమకు ఇంతకన్నా కావలసిందేముంది?

1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆ కార్డుల దస్త్రాలు రాసినవారిలో నేనూ ఒకణ్ణి. పండుగకు తప్ప వరి అన్నం ఎరుగని ఇళ్లకు బియ్యం చేరింది. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. అయితే సంగటి అంటే బీదల తిండన్న చులకన అంతకుముందే ఉండేది, ఆపైన మరీ ముదిరింది. కొత్త అల్లుడు వస్తున్నాడని సంగటి కుండ చాటుకు నెట్టి, బియ్యం బదులు తెచ్చుకున్నవారిని ఎరుగుదును. మెల్లగా రాగి చేలు కూడా చెనిక్కాయకు, టమోటాకు పోయాయి.

మన దేశం కోరగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. తెల్ల బియ్యంలో పది కూడా కష్టమే. పెద్ద హోటళ్లు సంగటి, నాటుకోడి పులుసు అని బోర్డులు కడుతున్నాయి. సంతోషమే. చక్కెర జబ్బు ఉన్న మన సభ్యులు మాత్రం, రాగులు కదా అని రెండు ముద్దలు లాగించవద్దు. అదీ పిండిపదార్థమే.