గోర్కీ 'అమ్మ', గూడెం కొండల రోడ్డు

కార్మికుల పోరాటాల మీద వచ్చిన నవలల్లో, తెలుగువాళ్లు తరతరాలుగా చదువుతున్నది మాక్సిం గోర్కీ 'అమ్మ'. 1906లో గోర్కీ రాసిన ఆ నవలను క్రొవ్విడి లింగరాజు తెలుగులోకి తెచ్చారు. 1902లో రష్యాలోని సొర్మొవోలో జరిగిన మేడే ప్రదర్శన దానికి ఆధారం. చందానగర్‌లో బతుకుతున్న గిరిజన బిడ్డలం మేము. ఆ నవలను మన చరిత్ర పక్కన పెట్టుకుని చదివాం.

నవలలో ఫ్యాక్టరీ పక్కన బురదనేల ఉంటుంది. దాన్ని ఎండగట్టడానికి కూలీల జీతంలో రూబుల్‌కు ఒక కోపెక్ కోస్తామంటాడు యజమాని. పావెల్ ఎదురు మాట్లాడతాడు, పని ఆపుదామంటాడు. కానీ జనం నిలబడరు. ఆ రాత్రే అతన్ని పట్టుకుపోతారు.

ఇది చదవగానే మాకు గూడెం కొండలు గుర్తొచ్చాయి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడుకు అడ్డంకులు పెరిగాయి. ఆపైన నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఆ రోడ్డు పనికి కొండవాళ్లను బలవంతంగా దింపాడు. కూలి సరిగా ఇవ్వలేదు. మునసబుగా పనిచేసిన గాం గంటందొర అతనితో తలపడి పదవి పోగొట్టుకున్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. ఆయన వెంట నడిచిన గంటందొర, మల్లుదొర అన్నదమ్ముల పేర్లు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ప్రాణాలతో మిగిలిన మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

నవల చెప్పే ఆదర్శాన్ని మేం గౌరవిస్తాం. ఒక్కడి కష్టం అందరి కష్టమని అది చెబుతుంది. అయితే అందులో చైతన్యం ఎక్కువగా పుస్తకాల నుంచి, పట్నం నుంచి వస్తుంది. గూడెంలో చదువురాని వాళ్లకు కూడా కూలి ఎగ్గొట్టడం అన్యాయమని ముందే తెలుసు. బయటి నుంచి వచ్చిన నాయకుడు వాళ్ల కోపానికి దారి చూపాడు గానీ, ఆ కోపాన్ని పుట్టించలేదు. ఈ తేడా మరిచిపోతే మనవాళ్లు చరిత్రలో వెనకాల నడిచిన గుంపుగానే మిగిలిపోతారు.

నవలలో మాకు బాగా నచ్చింది తల్లి నీలొవ్నా. కొడుకు జైలుకెళ్లాక ఆమె తిండి అమ్మే నెపంతో ఫ్యాక్టరీలోకి కరపత్రాలు మోస్తుంది. వయసు మళ్లాక అక్షరాలు దిద్దుకుంటుంది. మన తల్లుల్లో అలాంటి వాళ్లు లేరా?

చందానగర్ పక్కనే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ ఉంది. అక్కడి పర్మినెంటు కార్మికులకు యూనియన్లున్నాయి. తండాల నుంచి వచ్చి అడ్డా మీద నిలబడి, మేడలు కట్టే మనవాళ్లకు మేస్త్రీ మాటే లెక్క. కూలి ఆగితే అడగడానికి రాతపూర్వకంగా ఏమీ ఉండదు. అందుకే పని రోజులు, రావలసిన కూలి నోటుబుక్కులో రాసుకోవడం చదువుకున్న పిల్లలు ఇంట్లో మొదలుపెట్టాలి. ఉపాధ్యాయులు ఇంకో పని చేయించాలి. తాతమ్మలు, తాతలు ఎక్కడ వెట్టి చేశారో, ఎవరు కాదన్నారో పిల్లల చేత అడిగించి, పేర్లతో సహా రాయించాలి.